గోరే గొడ్డలి

చిరంజీవి బుజ్జికి,

ఖరగ్‌పూర్ విద్యాసాగర్ ఇండస్ట్రియల్ పార్కులో కొత్త ఉద్యోగం గురించి మూడు పేజీలు రాశావు. షిఫ్టులు, బస్సు, క్యాంటీన్లో ఆవనూనె కూరలు, అన్నీ చదివాను. కానీ చివర్లో చిన్నక్షరాల్లో ఇరికించిన మాటే నన్ను పట్టుకుంది: చంకలో పొక్కు లేచిందని, పిన్నీసుతో పొడిచి లోపలి వెంట్రుక లాగేశావని, పదిరోజుల్లో పక్కనే ఇంకోటి వచ్చిందని. చెయ్యి దించితే నొప్పి, ఎత్తితే సిగ్గు అన్నావు. సిగ్గుపడాల్సింది అందులో ఏమీ లేదు, ముందు ఆ మాట మనసులో పెట్టుకో. రెండోది, పొక్కు మళ్ళీ రావడం నీ ఖర్మ కాదు. రప్పిస్తున్నది నువ్వే. కోప్పడుతున్నాననుకోకు, కొంచెం ఓపిగ్గా చదువు.

అది వేడి చేసి లేచిన సెగ్గడ్డ కాదు, స్నానంలో లోపం వల్ల వచ్చిందీ కాదు. బయటికి రావాల్సిన వెంట్రుక దారి తప్పి చర్మంలో పెరుగుతోంది, అంతే. రేజరుతో గీసినప్పుడు వెంట్రుక కొన ఏటవాలుగా తెగి సూదిమొనలా తయారవుతుంది. వంకులు తిరిగే వెంట్రుకైతే బయటికొచ్చిన కాస్తా వంగి పక్క చర్మంలో గుచ్చుకుంటుంది. ఇంకో రకం ఇంతకన్నా పెంకిది. చర్మాన్ని లాగిపట్టి గీస్తే తెగిన కొన చర్మం కిందికి జారిపోతుంది, పైకి వచ్చే దారిలోనే పక్క గోడని పొడుస్తుంది. మన వెంట్రుకే అయినా చర్మం లోపల దిగితే ఒంటికి అది ముల్లుతో సమానం. ముల్లు దిగిన చోట ఎలా ఎర్రబడి వాచి చీము పడుతుందో ఇక్కడా అంతే. పైగా చంకలో వెంట్రుకలు ఒకే దిక్కుకి మొలవవు, ఒక్కో చోట ఒక్కో వైపు పడుకుని ఉంటాయి. చర్మం మడత, ఎప్పుడూ చెమ్మ, చెయ్యి ఊపినప్పుడల్లా రాపిడి. బెంగాల్ నాగపూర్ రైల్వే రోజుల నుంచీ మనవాళ్ళు ఖరగ్‌పూర్ ఉక్కకి అలవాటుపడ్డారు గానీ, ఆ ఉక్కలో దళసరి యూనిఫారం కింద ఉన్న చంక ఎలా అలవాటు పడుతుంది?

కాబట్టి నేరం వెంట్రుకది కాదు, నున్నదనం మీద మనకున్న మోజుది. దీనికి సాక్ష్యం మగవాళ్ళ గడ్డాల్లో దొరుకుతుంది. అమెరికా సైన్యంలో రోజూ గడ్డం గీయడం నియమం. రింగుల వెంట్రుకలున్న నల్లజాతి సైనికుల్లో చాలామందికి ఆ నియమం వల్లే గడ్డమంతా పొక్కులు లేచేవి. వాళ్ళకి గీయడం మాన్పించడమే అక్కడి డాక్టర్లు మొదట చెప్పే చికిత్స. కొన్ని వారాలు పెరగనిస్తే లోపల చిక్కుకున్న వెంట్రుక పొడవై, స్ప్రింగులా తనంతట తానే బయటికి లేస్తుంది. చంకకీ ఇదే న్యాయం. "మా ఆఫీసులో మగవాళ్ళు రోజూ గీసుకుంటారు, వాళ్ళకి లేవే" అంటావేమో. తిన్నని వెంట్రుకకి ఈ బాధ తక్కువ, వంకులదానికి ఎక్కువ. తేడా అక్కడుంది. "నాది మామూలు రేజరు కాదు, అయిదు బ్లేడ్లది" అని కూడా అంటావు. అదే కొంప ముంచింది. రెండు బ్లేడ్ల రేజరుని జిలెట్ కంపెనీ 1971లో తెచ్చింది. మొదటి బ్లేడు వెంట్రుకని కొద్దిగా పైకి లాగితే, అది వెనక్కి జారేలోగా రెండోది కోస్తుంది. చర్మం కిందికి కోయడమే దాని గొప్ప. గడ్డం నునుపుగా కనబడడానికి కనిపెట్టిన ఉపాయమే లోపలికి పెరిగే వెంట్రుకకి దారి వేసింది.

ఇక నీ పెద్ద వాదన నాకు తెలుసు: ఉంచుకుంటే మురికి, వాసన. వాసన సంగతి సగం నిజం. చంకలో ఊరే చెమటకి దానంతట దానికి పెద్దగా వాసన లేదు. చర్మం మీది సూక్ష్మజీవులు దాన్ని విరగ్గొట్టినప్పుడు పుడుతుంది. వెంట్రుకలు గుబురుగా ఉంటే చెమ్మ నిలుస్తుంది, సబ్బు సరిగ్గా అందదు, ఒప్పుకుంటాను. కానీ దానికి కత్తిరింపు చాలు, గొరగనక్కర్లేదు. ఒకటి రెండు మిల్లీమీటర్లు మిగిల్చే ట్రిమ్మరుతో వాసన సమస్య తీరుతుంది, కొన చర్మం పైనే ఉంటుంది గనక గుచ్చుకోవడమూ తగ్గుతుంది. మురికి అన్న మాట మాత్రం ఒప్పుకోను. చంక నున్నగా లేని ఆడది అనాగరికం అన్న భావానికి వ్యాపారం అండ ఎంతుందో చూడు. 1915లో జిలెట్టే అమెరికాలో ఆడవాళ్ళకని మిలాడీ డెకొల్లేట్ అనే రేజరు దింపింది. చేతుల్లేని గౌన్ల ఫ్యాషన్ అప్పుడే వచ్చింది, అమ్మకం కుదిరింది. అలాగని తీసుకోవద్దని నీకు ఆంక్ష పెట్టడం లేదు. నీ ఒళ్ళు, నీ ఇష్టం. నువ్వు పనిచేసే చోటికి ఎవరి పేరు పెట్టారో ఆ విద్యాసాగరుడూ, దక్షిణదేశ విద్యాసాగరుడని పిలిపించుకున్న మన కందుకూరీ ఆచారాన్ని కారణం అడగమన్నవాళ్ళే. వాళ్ళు పెద్ద విషయాలకి అడిగారు, నేను చంక వెంట్రుకకి అడుగుతున్నాను, నవ్వుకో ఫరవాలేదు.

నవ్వింది చాలు, ఇప్పుడు పిన్నీసు దగ్గరికి రా. గోటితో పోయేదానికి గొడ్డలెందుకంటారు. ఇక్కడ గోరే గొడ్డలి. గోటితో నొక్కితే చీము బయటికొచ్చినంత లోపలికీ పోతుంది. కుదురు పగిలి పక్కకి పాకుతుంది, చిన్న పొక్కు గడ్డవుతుంది. పిన్నీసు మొన మీద, గోటి సందుల్లో ఉన్న సూక్ష్మజీవుల్ని నువ్వే చేతులారా లోపల నాటుతున్నావు. మానాక నల్ల మచ్చ మిగులుతుంది, మన చర్మానికి అది నెలల తరబడి పోదు. ఆ మచ్చని మురికనుకుని నిమ్మచెక్కతో, వంటసోడాతో రుద్దుతావు, అది ఇంకా నల్లబడుతుంది. "లోపలి వెంట్రుక తీయకపోతే ఎలా తగ్గుతుంది" అంటే, వేళ్ళతో సహా పీకేసిన వెంట్రుక స్థానంలో కొత్తది అదే గాయం గుండా పైకి రావాలి గదా. నీకు పక్కనే ఇంకోటి లేచింది కూడా ఇలా కెలికినందుకే కావచ్చు. వెంట్రుక ఉంగరంలా చర్మం పైన కనిపిస్తే, స్పిరిట్‌తో తుడిచిన పట్కారుతో ఆ ఉంగరం కొన మాత్రం విడిపించి వదిలెయ్. పీకకు. కనబడకపోతే వెతకకు. నీ గోళ్ళు పెంచుకోవడం నాకెప్పుడూ నచ్చదు, ఈ ఉత్తరం అందగానే కత్తిరించు. చేతులు కడుక్కునే అన్నం తింటున్నావు గదా? వేళకి తింటున్నావా అసలు?

చెయ్యాల్సింది కొంచెమే. నెల రోజులు రేజరు, వాక్సింగు, వెంట్రుకలు రాల్చే క్రీము, ఏవీ వద్దు. వాక్సింగులో వెంట్రుక సగంలో తెగొచ్చు, క్రీముకి పుండున్న చర్మం కాలుతుంది. శుభ్రమైన గుడ్డ గోరువెచ్చని నీళ్ళలో ముంచి పది పదిహేను నిమిషాలు రోజుకి రెండు మూడుసార్లు కాపడం పెట్టు. ఇంటికి రాగానే యూనిఫారం విప్పేసి వదులు నూలు బట్ట వేసుకో. పచ్చిగా ఉన్నంతకాలం సెంటు వద్దు. పొక్కులు మానాక వారానికోసారి మన సున్నిపిండి మెత్తగా రుద్దుకుంటే మృతచర్మం వదులుతుంది, మండుతున్నప్పుడు మాత్రం దాని జోలికి పోకు. డాక్టరు బెంజాయిల్ పెరాక్సైడ్ రాస్తే మంచిదే, కానీ అది బట్టల రంగు పీల్చేస్తుంది, పాత జాకెట్టు చూసుకో. మెడికల్ షాపులో ఫోడా, అంటే గడ్డ, అని చెప్పి ఏదో ఒక ట్యూబు కొనుక్కోకు. అలాంటి కలగూర ట్యూబుల్లో స్టెరాయిడ్ ఉంటే రెండ్రోజుల్లో ఎరుపు పోతుంది, అందుకే అందరూ మెచ్చుకుంటారు. చంక మడతలో అది మామూలు చోటకన్నా ఎక్కువగా ఇంకి చర్మాన్ని పలచన చేసి చారలు తెస్తుంది. 2018లో కేంద్రం కొన్ని స్టెరాయిడ్ పూతమందుల్ని చీటీ లేకుండా అమ్మకూడని జాబితాలో చేర్చింది ఊరికే కాదు. తర్వాతెప్పుడైనా రేజరే కావాలనిపిస్తే ఒక్క బ్లేడుది, కొత్తది, స్నానం చివర చర్మం మెత్తబడ్డాక, వెంట్రుక పడుకున్న వైపుకే, లాగిపట్టకుండా. లేజరు మాట నీ జీతం పెరిగాక చూద్దాం. మన ఛాయకి ఎన్‌డీ యాగ్ లేజరు మిగతావాటికన్నా క్షేమమని మాత్రం గుర్తుంచుకో.

ఇదంతా మామూలు పొక్కుకి. జ్వరం వచ్చినా, ఎరుపు పాకినా, గడ్డ పెరుగుతున్నా ఇంట్లో కూర్చోకు. రెండు చంకల్లోనూ, గజ్జల్లోనూ లోతుగా గడ్డలు మాటిమాటికీ లేచి, చీము కారి, మచ్చలు కట్టి సొరంగాలు పడుతుంటే అది లోపలికి పెరిగిన వెంట్రుక బాధ కాదు, హైడ్రాడినైటిస్ అనే వేరే జబ్బు. ఎన్నో ఏళ్ళు వెంట్రుక పొక్కులనుకుని దాచిపెట్టుకునేవాళ్ళున్నారు, నువ్వలా చేయకు. నొప్పి లేకుండా గట్టిగా తగిలే ముద్ద ఏదైనా వారాల తరబడి ఉంటే ఇక ఆలస్యం చేయకుండా చూపించుకో. నాకు ఫోను చెయ్, ఏ వేళైనా.

అమ్మకి ఇవన్నీ చదివి వినిపించక్కర్లేదు, కంగారుపడుతుంది. నూలు లోదుస్తులు నాలుగు జతలు పార్సిల్లో వేస్తున్నాను. పిన్నీసు చున్నీకి పెట్టుకో.

నీ
పెద్దమ్మ