అప్‌లింక్ స్లో అంటే ముందు సగటును పక్కన పెట్టండి

ఆర్‌ఎఫ్ ఆప్టిమైజేషన్ ఉద్యోగానికి వచ్చేవాళ్లను తప్పక అడగాల్సిన ప్రశ్న ఒకటుంది: అప్‌లింక్‌లో సీక్యూఐ ఎవరు పంపుతారు? డ్రైవ్ టెస్టుల్లో చెయ్యి తిరిగినవాళ్లు కూడా ఒక్కోసారి తడుముకోకుండా "ఫోనే కదండీ" అనేస్తారు. ఎవరూ పంపరు. డౌన్‌లింక్‌లో వినేది ఫోను, కాబట్టి ఎలా వినిపిస్తోందో అది టవర్‌కు చెప్పాలి. అప్‌లింక్‌లో వినేది టవరే. కొలిచేదీ, ఏ ఎంసీఎస్‌తో పంపాలో తేల్చి గ్రాంట్ ఇచ్చేదీ అదే. ఫోను చెప్పినట్టు చేస్తుంది, అంతే.

దీనివల్ల అప్‌లింక్ కంప్లైంటును చూసే పద్ధతి మారిపోతుంది. డౌన్‌లింక్‌లో ఇబ్బంది పెట్టేది పక్క టవర్, అది ఎక్కడికీ కదలదు. అప్‌లింక్‌లో ఇబ్బంది పెట్టేవి పక్క సెల్‌లోని ఫోన్లు. ఈ మిల్లీసెకనులో మన సరిహద్దున నిలబడ్డ ఫోనుకు పక్క సెల్ గ్రాంట్ ఇచ్చిందా, మనకు గట్టిగా తగులుతుంది. తర్వాతి మిల్లీసెకనులో తన టవర్ కిందే ఉన్న ఫోనుకు ఇస్తే మనకు తెలియను కూడా తెలియదు. ఎల్‌టీఈ ఎఫ్‌డీడీలో గ్రాంట్ అందిన 4 మిల్లీసెకన్లకు గానీ ఫోను పంపదు. అంటే మాడ్యులేషన్ ఎంపిక ఎప్పుడూ పాత కొలత మీదే జరుగుతుంది.

ఈ లోటు పూడ్చడానికే ఔటర్ లూప్ ఉంది. బ్లెర్ టార్గెట్ 10 శాతం అయితే, ప్యాకెట్ సరిగ్గా అందిన ప్రతిసారీ అంచనాను, ఉదాహరణకు, 0.1 డీబీ పెంచుతుంది. తప్పితే 0.9 డీబీ దించుతుంది. ఇక్కడ కాస్త ఆగి లెక్క వేసుకోండి. ఒక ఫోనుకు ఐదింట నాలుగు సార్లు ఎస్‌ఐఎన్‌ఆర్ 15 డీబీ ఉంది, మిగిలిన ఒక్కసారి 5కు పడిపోతోంది. సగటు 13, రిపోర్టులో ముచ్చటగా కనిపిస్తుంది. కానీ తప్పులు 20 శాతం, టార్గెట్ 10. కాబట్టి లూప్ దిగుతూ దిగుతూ 5 డీబీ దగ్గరకు చేరేదాకా ఆగదు. 64 క్వామ్ అందుకోగల ఫోను క్యూపీఎస్‌కేకీ 16 క్వామ్‌కీ మధ్య ఊగిసలాడుతుంది. అదే దెబ్బ ఇరవైలో ఒక్కసారే పడితే లూప్ పట్టించుకోదు, హార్క్ రీట్రాన్స్‌మిషన్ సర్దేస్తుంది. అంటే ఎంత గట్టిగా తగిలిందన్నదే కాదు, ఎన్నిసార్లు తగిలిందన్నదీ ముఖ్యమే. మేనేజర్‌కు పంపే ఎక్సెల్ షీట్‌లోని సగటు ఈ సంగతి చెప్పదు. ఎంసీఎస్ హిస్టోగ్రామ్ చెబుతుంది. అందుకే ముందు దాన్ని తీయండి.

ఇలాంటి సెల్‌లో డేటా బేరర్‌కు బ్లెర్ టార్గెట్ పెంచి చూడటం న్యాయమైన ప్రయోగం. షానన్ సూత్రంతో పై ఉదాహరణ లెక్కేస్తే, 15 డీబీ స్థాయిలో పంపి ఐదింట ఒకటి పోగొట్టుకున్నా, 5 డీబీ స్థాయిలో జాగ్రత్తగా పంపినదానికి దాదాపు రెట్టింపు చేరుతుంది. ఆలస్యం మాత్రం పెరుగుతుంది: ఎఫ్‌డీడీలో ఒక్కో రీట్రాన్స్‌మిషన్‌కు 8 మిల్లీసెకన్లు. వోల్టీ బేరర్ జోలికి వెళ్లకండి. అప్‌లోడ్ బాగుపడి మాట తెగిందంటే ఆ రాత్రి ఫోను మీకే వస్తుంది.

చాలామంది చేసే మొదటి పని పీ-జీరో పెంచడం. నన్నడిగితే అది ఆఖరి పని. మీ సెల్ ఫోన్లన్నీ పవర్ పెంచితే పక్క సెల్‌కు అది ఇంటర్‌ఫియరెన్స్. అక్కడి ఇంజినీరూ పెంచుతాడు, వారం తిరిగేసరికి క్లస్టర్ మొత్తం నాయిస్ ఫ్లోర్ లేస్తుంది. పైగా అంచున ఉన్న ఫోను అప్పటికే 23 డీబీఎం, అంటే 200 మిల్లీవాట్ల దగ్గర ఆగిపోయి ఉంటుంది. పవర్ హెడ్‌రూమ్ రిపోర్టు చూడండి. అది నెగటివ్‌లో ఉంటే పీ-జీరో ఎంత పెంచినా దానికి ఒరిగేదేమీ లేదు. ఇచ్చే పీఆర్‌బీలు సగానికి తగ్గిస్తే ఒక్కో పీఆర్‌బీకి 3 డీబీ కలిసొస్తుంది.

ఇంటర్‌ఫియరెన్స్ ఎక్కడిదో తెలియాలంటే గంటల వారీగా, పీఆర్‌బీల వారీగా గ్రాఫ్ గీయండి. 180 కిలోహెర్ట్జ్ పీఆర్‌బీకి థర్మల్ నాయిస్ −121 డీబీఎం. రిసీవర్ నాయిస్ ఫిగర్ కలుపుకుంటే −118 చుట్టుపక్కల. తెల్లవారుజామున 3 గంటలకు కూడా −105 చూపిస్తోందంటే కస్టమర్ల ట్రాఫిక్ మీద నెపం వేయకండి. డౌన్‌లింక్ లోడుతో పాటు లేస్తూ దిగుతూ ఉంటే పిమ్‌ను అనుమానించండి. 900 బ్యాండ్‌లో డౌన్‌లింక్ 925 నుంచి 960 మెగాహెర్ట్జ్. రెండు అంచుల్లోనూ క్యారియర్లు ఉన్నాయనుకుంటే 2×925−960 = 890, నేరుగా 880–915 అప్‌లింక్ మధ్యలో పడుతుంది. రాత్రి డమ్మీ లోడ్ పెట్టి చూడండి. అప్‌లింక్ నాయిస్ వెంటనే లేస్తే టవర్ ఎక్కించండి: వదులైన జంపర్, తుప్పు పట్టిన కనెక్టర్, యాంటెన్నా ముందున్న తుప్పు బోల్టు.

2300 టీడీడీలో ఇంకో రకం ఉంది. తీరప్రాంతంలో గాలి పొరలు సిగ్నల్‌ను వంచి దూరం మోసుకొస్తాయి. రెండు సింబళ్ల గార్డ్ పీరియడ్ అంటే దాదాపు 143 మైక్రోసెకన్లు, 43 కిలోమీటర్ల ప్రయాణం. అంతకన్నా దూరపు టవర్ల డౌన్‌లింక్ మన అప్‌లింక్ మొదటి సింబళ్ల మీద పడుతుంది. ఒకేసారి బోలెడు సైట్లలో మొదలై, ఎండెక్కాక దానంతటదే పోతే టీమ్‌ను టవర్ ఎక్కించి పెట్రోలు తగలేయకండి.

పొద్దున 10కి మొదలై రాత్రి షట్టర్లు పడగానే మాయమై, సెలవు రోజున అసలు కనిపించకపోతే చాలావరకు అది ఏదో షాపులో పెట్టిన బూస్టర్. యాంటెన్నా దొరికినా మీరే వెళ్లి పీకకండి, యజమానితో గొడవపడకండి. అనుమతి లేని రిపీటర్ల సంగతి చూసుకోవడానికి టెలికాం శాఖ కింద వైర్‌లెస్ మానిటరింగ్ ఆర్గనైజేషన్ ఉంది. స్పెక్ట్రమ్ అనలైజర్ స్క్రీన్‌షాట్, చిరునామా, తేదీ, సమయం జతచేసి మీ కంపెనీ రెగ్యులేటరీ టీమ్ ద్వారా వాళ్లకు రాయండి.