పాట పోయే దారులు

మాదాపూర్‌లో 1998లో సైబర్ టవర్స్ మొదలైంది. తర్వాత చుట్టూ ఎన్నో అద్దాల మేడలు లేచాయి. పొద్దున్నే వాటిని ఊడ్చి తుడిచే అక్కలు ఎంతోమంది. నాట్లేస్తూ, బతుకమ్మ ఆడుతూ నేర్చిన పాటలు వాళ్ల నోట ఉంటాయి. అవీ కవిత్వమే.

నోటి పాట సినిమాకెక్కిన సంగతి ఒకటి ఉంది. 1946 నుంచి 1951 దాకా తెలంగాణ రైతులు, కూలీలు దొరల మీద సాయుధ పోరాటం చేశారు. అప్పుడు బండి యాదగిరి 'బండెనక బండి' పాట కట్టారు. చదువు రానివాళ్లు కూడా విని నేర్చుకున్నారు. 1980లో 'మా భూమి' సినిమా వచ్చింది. అందులో గద్దర్ ఆ పాట పాడారు. పాట తెలియని ఊళ్లకూ చేరింది.

బంజారాహిల్స్‌లో మొయిద్ హసన్ అనే ఫోటోగ్రాఫర్ ఇల్లు ఉండేది. 2010లో దాన్ని 'లామకాన్' పేరుతో అందరికీ తెరిచారు. అక్కడ కవితలు చదివారు. సినిమాలు, ఫోటోలు చూపారు. హాస్యం చెప్పి నవ్వించారు. నవ్వుతూ చెబితే గట్టి మాట కూడా మనసుకెక్కుతుంది.

ఇప్పుడు సెల్‌ఫోను చేతిలో ఉంది. పాట వీడియో తీస్తే ఊళ్లు దాటుతుంది. కానీ పాట కట్టినామె పేరు? అది వెంట పోదు. యాదగిరి పేరు నిలిచింది. మన అమ్మల పేర్లు ఎన్ని నిలిచాయి?

మీకు అక్షరం వచ్చింది. ఇలా చేయండి:

1. మీ అమ్మ పాడిన పాట ఒకటి రాయండి.
2. అది ఎవరు కట్టారో పెద్దవాళ్లను అడగండి.
3. పాట కింద ఆ పేరు రాయండి.