గోపురము ఒకచోట, గంట ఒకచోట

గోవాలో మాండవీ నదీతీరమున పాత గోవా అను ప్రాచీన నగరము కలదు. 1510లో పోర్చుగీసువారు జయించిన పిమ్మట ఇది వారి తూర్పుదేశపు రాజ్యమునకు రాజధాని యయ్యెను. అచ్చటి గుట్టపై నేటికిని ఒక శిథిల గోపురము నిలిచియున్నది. అది అగస్టీను సభకు చెందిన కతోలిక సన్యాసుల దేవాలయపు గంట గోపురము.

ఆ సన్యాసులు 1572లో గోవాకు వచ్చిరి. వారి కృపామాత దేవాలయము 1602లో నిర్మింపబడినది. లాటరైటు అను ఎఱ్ఱరాతితో కట్టిన ఆ గోపురమునకు నాలుగు అంతస్తులు. ఎత్తు సుమారు 46 మీటర్లు. కతోలిక సంప్రదాయమున దేవాలయపు గంట ఉదయ, మధ్యాహ్న, సాయంకాలములందు భక్తులను ప్రార్థనకు పిలుచును. ఇంటింట గడియారము లేని దినములలో ఊరివారికి వేళ తెలుపునదియు అదియే.

ఇంతటి గోపురము ఏల కూలెను? శత్రువుల ఫిరంగుల వలన కాదు. అంటురోగములకు వెఱచి జనులు పాత గోవాను క్రమముగా విడిచిపోయిరి. పాలకులు పంజిమునకు తరలిరి. 1835లో పోర్చుగీసు ప్రభుత్వము గోవాలోని సన్యాసి సభలను రద్దుచేయగా మఠము నిర్జనమయ్యెను. కావలియు మరమ్మతును లేక దేవాలయపు కప్పు 1842లో కూలెను. 1931లో ముఖభాగమును, గోపురములో సగమును పడిపోయినవి.

గంట మాత్రము నశింపలేదు. దానిని తొలుత అగ్వాద కోటలోని దీపస్తంభమునకు చేర్చిరి. 1871లో పంజిములోని నిష్కళంక మాత దేవాలయమున కెక్కించిరి. నేటికిని అది అచ్చటనే మ్రోగుచున్నది. గోవాలో దీనికంటె పెద్దది పాత గోవాలోని సే కెథీడ్రల్ నందలి 'బంగారు గంట' యొక్కటియే అని చెప్పుదురు.

తల్లిదండ్రులారా! ఈ పాఠమును ఇంటివద్ద పిల్లలచే చదివించి, "గోపురము శిథిలమైనను గంట ఏల బ్రతికినది?" అని యడుగుడు. జనులున్న చోటికి దానిని కొనిపోయినందున బ్రతికినది. మన పెద్దలును స్వగ్రామములను విడిచి వచ్చునపుడు తమ భాషను వెంట దెచ్చుకొనిరి. అయితే తెచ్చినంత మాత్రమున చాలదు. గంట మ్రోగవలెనన్న ప్రతిదినము త్రాడు లాగు చేయి కావలెను. పాఠశాల గోడలకు సున్నము మేము వేయింపగలము. రాత్రి భోజనమైన పిదప పిల్లవానిచే ఒక పుట తెలుగు చదివించుట మాత్రము మీ చేతిలోని పని.