పండుగనాటి పాళీలు

మన పేటలలో పాళీ యనగా నెరుగని బాలుడు లేడు. తండ్రిది రాత్రిపాళీ యైన వారమున పగలెల్ల తలుపు చేరవేసి పిల్లలు గుసగుసలాడుదురు. కాబట్టి ఈ పాఠమునకు పుస్తకము వెదకనక్కరలేదు.

ఒక మరమగ్గాల కార్ఖానాలో ఆరుగురు పనివారనుకొందము: నలుగురు పద్మశాలులు, ఒక ముస్లిము, ఒక క్రైస్తవుడు. పండుగనాడైనను ఇద్దరు పనిలో నుండవలెను. నారళీ పున్నమినాడు మార్కండేయ రథోత్సవము. ఆనాడు ముస్లిము సోదరుడును క్రైస్తవ సోదరుడును నిలిచిరి. రంజానునాడు ఇద్దరు పద్మశాలులు, క్రిస్మసునాడు తక్కిన ఇద్దరు నిలిచిరి. తలకొక దినము, ఎవరి పండుగయు చెడలేదు. లెక్క కుదిరినదని మా తరగతిలో చాలమంది కలము దించిరి.

దసరా దీపావళులను చేర్చి చూడుడు. ఆ రెండునాళ్లును మొదటి ఇద్దరే నిలిచినచో వారికి మూడేసి, పద్మశాలులకు ఒక్కొక్కటే. ఎక్కువమంది యున్నవారి పండుగలే సెలవుల పట్టికలో నెక్కువ గదా! వారు సర్దుకొను మంచివారని మెచ్చుకొనుట సులభము. ఆ మెప్పు వంతును తీర్చదు. ఐదు పండుగలకు వంతులు పది. అవి ఆరుగురికి సమముగా రావు; నలుగురికి రెండేసి, ఇద్దరికి ఒక్కొక్కటి వచ్చును. దసరానాడొక పద్మశాలి, దీపావళినాడు మరియొకడు నిలువక తప్పదు. ఇందు ఇద్దరి పండుగ చెడును, దానిని దాచరాదు. ఒక్క వంతే వచ్చినవారి పేర్లు గోడపై వ్రాసి, మరుసటియేట ముందుగా వారిని పిలువవలెను. రంజాను ఏటేట సుమారు పదునొకండు దినములు ముందునకు జరుగును గనుక పట్టికయు ఏటేట క్రొత్తదే.

నేసినంతకే కూలియైన చోట సెలవనగా కూలి పోవుట. అప్పున్నవాడు పండుగనాడు ఉండుటయే కోరవచ్చును. కావున వంతు వేయుటకు ముందు అడుగవలెను.

అన్నిటికంటె చిక్కైనది డిసెంబరు 24 నాటి రాత్రిపాళీ. అర్ధరాత్రి దాటు పాళీ చేయువానికి వారపుసెలవనగా పాళీ ముగిసినది మొదలు వరుసగా 24 గంటలని 1948 నాటి ఫ్యాక్టరీల చట్టము నిర్వచించెను. వారపు విశ్రాంతికది చక్కని కొలత. క్రిస్మసునకు అదే కొలత పెట్టినచో సెలవు 25 ఉదయమున మొదలగును. నడిరేయి ప్రార్థన అప్పటికే ముగిసియుండును. రథోత్సవము నాటి యుదయము రాత్రిపాళీనుండి వచ్చినవాడు రథము వెంట నడచునా, నిద్రించునా? పండుగ సెలవును ముందటి సాయంకాలమునుండియే లెక్కించుట న్యాయమని మా అభిప్రాయము.

అభ్యాసము: పై ఆరుగురికి రెండవయేటి పట్టిక వ్రాయుడు. అందు పండుగవంట చేసి, మిగిలిన పొద్దున బీడీలు చుట్టు అమ్మకు ఒక గడి గీయుడు.