న్యాయ సలహా: ప్రమాదమును చూచినవాని భయము, వాని హక్కులు

పారయో గడ్డపలుగో కొన్న తెలుగు రైతునకు దానిపైనుండు "టాటా అగ్రికో" యను ముద్ర చిరపరిచితమే. కాని ఆ పేరు ధరించిన పేట యొకటి జంషెడ్‌పూరులో నున్నదనియు, ఉక్కు కర్మాగారమున కొలువులకై వలసపోయిన మన కుటుంబముల మనుమలు మునిమనుమలు ఆ పట్టణమున నేటికిని ఇంట తెలుగును వీధిలో హిందీని మాటాడుచు కాపురములు చేయుచున్నారనియు ఎరిగినవారు కొలదిమంది. ఆ అగ్రికోనుండి అరువదియెనిమిదేండ్ల గృహస్థులొకరు, కర్మాగారమున చిరకాలము పనిచేసి విశ్రాంతి గైకొన్నవారు, ఈ శీర్షికకు వ్రాసిన యుత్తరమును నేను మూడు నాలుగు పర్యాయములు చదివితిని.

సాక్చీ బజారులో కూరలు కొని సంధ్యవేళ ఇంటికి మరలుచుండగా, దారిప్రక్కన దీపములు లేక నిలిపియుంచిన లారీని ఒక మోటారు సైకిలు వెనుకనుండి ఢీకొనుట వారి కన్నులయెదుట జరిగినది. వారు పరుగున పోయి, మరి యిద్దరి సాయముతో ఆ కుఱ్ఱవానిని ఆటోలో పడుకోబెట్టి, తలను తమ తొడపై నుంచుకొని ఆసుపత్రికి చేర్చిరి. దారిలో ఆ పిల్లవాడు "బండికి బత్తీ లేదు" అని హిందీలో రెండుసారులు అనెనట. గుమ్మము చేరునప్పటికి ప్రాణము పోయినది. వీరు భయపడి, ఎవరికిని పేరు చెప్పక, మరకలుపడిన చొక్కాతోనే ఇల్లు చేరిరి.

"అయ్యా, నాటినుండి నాకు కంటిమీద కునుకు లేదు. వీధిలో బండి గట్టిగా బ్రేకు వేసిన చప్పుడు వినిన చాలును, గుండె ఆగినంత పనియగుచున్నది. బిష్టుపూరు రామమందిరములో పోయి కూర్చున్నను మనసు నిలువదు. చెప్పినచో కోర్టుల చుట్టు తిరుగవలెను. చెప్పకున్న ఆ తల్లిదండ్రులకు ద్రోహము చేసినవాడనగుదును. పేరు చెప్పక వచ్చుట నేరమా? నాది బజారు హిందీ. ఠాణాలో వారేమి వ్రాసికొన్నదియు నాకెట్లు తెలియును? ఆ పిల్లవాని తల్లిని ఒకసారి చూడవలెనని యున్నది. చూడవచ్చునా?"

మొదటి ప్రశ్నకు సమాధానము ఒక్కమాటలో చెప్పవచ్చును: నేరము కాదు. అయినను ఇంతటి సత్కార్యము చేసినవారు దోషివలె ఇంట దాగియుండవలసిన దుస్థితి మన సమాజమున ఎట్లు కలిగినదో తెలిసికొననిదే ఆ మాట మనసునకు పట్టదు. ఒకప్పుడు ఆసుపత్రులే భయపడెడివి. వేగముగ వచ్చిన కారొకటి స్కూటరుపై పోవువానిని పడగొట్టగా, చూచినవాడు క్షతగాత్రుని దగ్గరి ఆసుపత్రికి చేర్చిన, అది పోలీసు కేసనియు, అట్టివానిని చూచుటకు తమకు అధికారము లేదనియు, ఇరువది కిలోమీటర్ల దూరమున నున్న వేరొక ఆసుపత్రికి గొనిపొమ్మనియు అక్కడివారు త్రిప్పి పంపగా, ఆ యభాగ్యుడు దారిలోనే మరణించెనను వార్తను పత్రికలో చదివిన పండిత పరమానంద కటారా యనువారు సుప్రీంకోర్టు నాశ్రయించిరి. ప్రాణరక్షణకు మించిన విధి వైద్యునకు లేదనియు, ఆసుపత్రి ప్రభుత్వముదైనను ప్రైవేటుదైనను చికిత్స ముందు జరుగవలెననియు, కాగితములు పిమ్మట చూచుకొనవలెననియు 1989 ఆగస్టు 28వ తేదీన వెలువడిన ఆ తీర్పు వైద్యుల భయమును తొలగించినది. కాని గాయపడినవానిని మోసికొని వచ్చిన బాటసారి భయము మరి పాతికేండ్లు అట్లే నిలిచియుండెను.

దానిని తొలగించుటకై సేవ్ లైఫ్ ఫౌండేషన్ అను సంస్థ 2012లో వేసిన వ్యాజ్యము ఫలితముగ కేంద్రప్రభుత్వము 2015 మే 12న మార్గదర్శకములను ప్రకటించినది. 2016 మార్చి 30న సుప్రీంకోర్టు వానికి దేశమంతట చట్టముతో సమానమగు బలమును ప్రసాదించినది. పిమ్మట 2019లో మోటారు వాహనముల చట్టమునకు 134ఏ యను సెక్షను చేరినది. 2020 సెప్టెంబరులో దాని ననుసరించు నియమములు వెలువడినవి. ప్రతిఫలాపేక్ష లేక, సద్బుద్ధితో, తనంత తాను ప్రమాదస్థలమున సాయపడినవానిని, లేదా ఆసుపత్రికి చేర్చినవానిని ఈ చట్టము "గుడ్ సమారిటన్" అనుచున్నది. మనము పరోపకారి యందము. అట్టి పరోపకారి సాయపడుటలో తెలియక పొరపాటు చేసినను, ఆ కారణమున క్షతగాత్రుడు మరణించినను, వానిపై సివిలు దావా గాని క్రిమినలు కేసు గాని నిలువదు. పేరు, చిరునామా చెప్పుమని పోలీసులు గాని మరెవ్వరు గాని బలవంతపెట్టరాదు. తన యిష్టముచే చెప్పిన అది వేరు. కావున అగ్రికో పెద్దలు ఆనాడు పేరు చెప్పక ఇంటికి వచ్చుట చట్టము వారికిచ్చిన స్వేచ్ఛయే. ఈ హక్కులను హిందీ, ఆంగ్లము, స్థానికభాషలలో వ్రాసి ప్రతి ఆసుపత్రియు తన ప్రవేశద్వారమున ప్రదర్శింపవలెనని నియమము. గోడపై ఆ ఫలకము లేని ఆసుపత్రులను నేను చూచితిని. రక్తసిక్తమైన చేతులతో గుమ్మములో నిలిచినవానికి ఆ నాలుగు పంక్తులు ఎంత ధైర్యమునిచ్చునో తలచినపుడు ఈ లోపమును స్వల్పమని అనజాలను.

ఇక సాక్ష్యము చెప్పుటకు ఇష్టపడినచో నేమగును? ఇచ్చటనే మన వారికి తెలియని సంగతులు మెండు. పరోపకారి సాక్షిగ నుండ నంగీకరించినపుడు, ఆయనకు వీలైన వేళ, వీలైన చోట, అనగా ఇంటిలోనో పనిచేయు తావుననో, విచారణాధికారి యూనిఫారము లేక సాధారణ దుస్తులతో వచ్చి వాఙ్మూలము నమోదు చేయవలెను. ఠాణాకు రప్పింపవలసిన యగత్యము కలిగినచో కారణమును లిఖితపూర్వకముగ నమోదు చేయవలెను. వచ్చినవానిని ఒకే పర్యాయములో, కాలయాపన లేక, ప్రశ్నించి పంపవలెను. అంతియ కాక, 2024 జులై 1నుండి అమలులోనున్న భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 179వ సెక్షను ననుసరించి అరువదియేండ్లు దాటినవారిని, స్త్రీలను, తీవ్రవ్యాధిగ్రస్తులను వారుండు చోటుననే తప్ప వేరొకచోటికి రమ్మని పోలీసులు నిర్బంధింపరాదు. మీకు అరువదియెనిమిదేండ్లని వ్రాసితిరి. ఆ యొక్క కారణమే చాలును.

భాష విషయమున మీరు పడిన సంకోచము నన్ను మిక్కిలి కదల్చినది. పొట్టకూటికై పరదేశము చేరినవాడు ఎన్ని తరములైనను దుఃఖమును మాతృభాషలోనే చెప్పుకొనును. బజారులో బేరమాడుటకు సరిపడు హిందీ, ఒక మరణమును వివరించుటకు చాలదు. చట్టమునకు ఈ సంగతి తెలియును. పరోపకారి మాటాడు భాష విచారణాధికారి భాష గాని ఆ ప్రాంతపు భాష గాని కానిచో, దుబాసీని ఏర్పాటు చేయు భారము ఆ యధికారిదేయని 2020 నియమములు చెప్పుచున్నవి. కావున "నేను తెలుగులో చెప్పెదను, దుబాసీని పిలిపింపుడు" అని యడుగుట మీ హక్కు. జంషెడ్‌పూరు వంటి పట్టణమున రెండు భాషలు చక్కగ నెరిగిన తెలుగు ఉపాధ్యాయుడో గుమాస్తాయో దొరకుట కష్టము కాదు. వ్రాసినదానిని తెలుగులో చెప్పించుకొని వినుడు, తప్పున్న దిద్దింపుడు. మరియొక సంగతి: పోలీసు అధికారి వ్రాసికొను సాక్షి వాఙ్మూలముపై సాక్షి సంతకము చేయనక్కరలేదు, చేయుమని అడుగరాదు కూడ. పిమ్మట న్యాయస్థానమున సాక్ష్యము చెప్పవలసివచ్చినను, మీకు రాని భాషలో నమోదైనదానిని మీకు తెలిసిన భాషలో వినిపింపవలసినదే.

ఒక భేదమును మాత్రము స్పష్టముగ చెప్పవలెను. ఈ రక్షణ సాయపడినవానికి. దూరమున నిలిచి సెల్‌ఫోనులో వీడియో తీసినవాడు పరోపకారి కాడు. సంగతి తెలిసినవానిగ వానిని పిలిపించి ప్రశ్నించు అధికారము పోలీసులకు మామూలుగనే కలదు. ఆ వీడియో సాక్ష్యముగ పనికివచ్చునది. అట్లు కావలెనన్న దానిని తీసిన ఫోనును భద్రపరచి, భారతీయ సాక్ష్య అధినియమము 63వ సెక్షను కోరు ధ్రువపత్రముతో అధికారుల కందింపవలెను. అంతేకాని చనిపోవుచున్న బిడ్డ బొమ్మను వాట్సాప్‌లో ఊరంతటికి పంచుట, ఆ తల్లి దానిని ఎవరి చేతిలోనో చూడవలసివచ్చుట, నా దృష్టిలో క్షమింపరాని క్రౌర్యము.

మీ మాటకు గల విలువను ఇపుడు చూతము. ఇట్టి మరణము రెండు విచారణలకు దారితీయును. ఒకటి నిర్లక్ష్యముచే ప్రాణము తీసిన నేరమునకు. భారతీయ న్యాయ సంహిత 106వ సెక్షను క్రింద అయిదేండ్లవరకు శిక్ష పడవచ్చును. రెండవది మోటారు ప్రమాదముల ట్రిబ్యునలులో తల్లిదండ్రులు కోరు నష్టపరిహారమునకు. నిలిచియున్న లారీని వెనుకనుండి ఢీకొన్న కేసులో బీమా కంపెనీ మొదట చెప్పునది, బండి నడిపినవాడే ఒడలెరుగని వేగముతో వచ్చి గ్రుద్దుకొనెనని. చచ్చినవాడు వచ్చి బదులు చెప్పలేడు. అట్టిచోట "లారీకి దీపము లేదు, నేను చూచితిని" అను ఒక్క వాక్యము ఆ కుటుంబపు భవిష్యత్తును మార్చగలదు. మరణించినవాడు తన మరణమునకు దారితీసిన పరిస్థితులనుగూర్చి పలికిన మాట, వినినవాని నోట సాక్ష్యముగ చెల్లునని చట్టమే చెప్పుచున్నది. ఆటోలో ఆ పిల్లవాడు రెండుసారులు చెప్పినది అట్టి మాట. క్రిమినలు కోర్టువలె ట్రిబ్యునలు సందేహమునకు తావులేని రుజువును కోరదు. సంభావ్యత ఎటు మొగ్గునో చూచును. కాని కాలము ముఖ్యము. పోలీసులు ప్రమాదమునుగూర్చిన సవివరమైన నివేదికను తొంబది దినములలో ట్రిబ్యునలుకు సమర్పింపవలెను. పరిహారపు దరఖాస్తునకు చట్టము ఆరునెలల గడువు పెట్టినది. జ్ఞాపకము చెదరకముందే వేళ, చోటు, వెలుతురు, లారీ నిలిచిన తీరు, వినిన మాటలు, తెలుగులోనే ఒక కాగితముపై వ్రాసి తేదీ వేసి ఉంచుకొనుడు. చూడనిదానిని ఊహించి చేర్పకుడు.

ఇక నిద్రపట్టని రాత్రులను గూర్చి. ఇట్టి వేదనకు పరిహారము కోరవచ్చునా యను ప్రశ్న బ్రిటనులో కోర్టుల కెక్కినది. 1938 అక్టోబరులో ఎడింబరో నగరమున ఒక మోటారు సైకిలువాడు ఆగియున్న ట్రామును దాటి వేగముగ పోవుచు కారును ఢీకొని మరణించెను. ఆ ట్రాము దిగి చేపలబుట్టను వీపునకెత్తుకొనుచున్న బోర్‌హిల్ అను గర్భవతి ఆ చప్పుడు వినెను. పిమ్మట దారిపై రక్తమును చూచెను. కొంతకాలమునకు ఆమెకు మృతశిశువు కలిగెను. ఆమె వేసిన దావాను 1942లో, నాడు అక్కడ తుది న్యాయస్థానమగు ప్రభువుల సభ త్రోసిపుచ్చినది: ట్రాముకు ఆవల నున్న ఆమెకు ఇట్టి హాని కలుగునని బండి నడిపినవాడు ఊహింపజాలడని వారి న్యాయము. అయితే 1957లో లండనులోని లూయిషాం కడ జరిగిన రైలు ప్రమాదమున రాత్రియంతయు శకలములనడుమ పాకుచు క్షతగాత్రులకు సేవచేసి, పిదప మానసికముగ కుంగిపోయిన చాడ్విక్ అను సామాన్యుని విషయమున, సాయపడ వచ్చినవాని మనోవ్యాధికి పరిహారము చెల్లునని 1967లో ఆంగ్ల న్యాయస్థానమే తీర్పు చెప్పినది. మన మోటారు వాహనముల చట్టము మాత్రము పరిహారము కోరు హక్కును గాయపడినవానికి, మృతుని వారసులకు, ఆస్తి నష్టపోయినవానికి ఇచ్చినదే కాని, చూచి కుమిలిపోవువానిని ప్రత్యేకముగ పేర్కొనలేదు. ఇది పూడ్చవలసిన లోటని నా దృఢాభిప్రాయము.

పరిహారము లేకున్నను చికిత్స పొందు హక్కు కలదు. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము 18వ సెక్షను ప్రభుత్వ సేవలను కోరు హక్కును ప్రతి వ్యక్తికి ఇచ్చినది. 23వ సెక్షను మీ వివరములను గోప్యముగ నుంచుమన్నది. శరీరవ్యాధికివలె మనోవ్యాధికిని ఆరోగ్యబీమా వర్తింపవలెనని 21వ సెక్షను. ఇట్టి దృశ్యము చూచిన తొలివారములలో కలత, కలలు, ఉలికిపాటు సహజములు. అవి పిచ్చి కాదు. నెల దాటియు తగ్గకున్న వైద్యుని చూడవలసినదే. 14416 అను టెలీ మానస్ నంబరునకు ఏ వేళనైనను ఉచితముగ ఫోను చేసి తెలుగులోనే మాటాడవచ్చును. రాంచీ చెంత కాంకేలో కేంద్ర మనోరోగచికిత్సా సంస్థ 1918నుండి ఉన్నది. ఇక పరిహారపు కేసునకు న్యాయవాది కావలెనన్న, మృతుని తల్లి స్త్రీయగుటచేతనే ఉచిత న్యాయసహాయమున కర్హురాలు. 15100 నంబరునకు గాని జిల్లా న్యాయసేవాధికార సంస్థకు గాని తెలుపవచ్చును.

మీ కడపటి ప్రశ్న మిగిలినది. ఆ తల్లిని చూచుటను ఏ చట్టమును నిషేధింపలేదు. ముందు మీ వాఙ్మూలమును మీ మాటలలోనే నమోదు చేయించుకొనుడు. అపుడు ఎవరో నేర్పిన సాక్ష్యమని ఎదుటి వకీలు అనుట కెడముండదు. పిమ్మట, ఇంట ఒకరిని తోడు తీసికొని, పోయి రండు. కేసు సంగతులు ఆమె అడిగిననే చెప్పుడు. తన బిడ్డ ఆ దారిపై ఒంటరిగ పడియుండలేదని, కడవరకు ఒకరి ఒడిలో తల పెట్టుకొని యుండెనని, మీరు తప్ప ఆమెకు చెప్పగలవారు లేరు.