మృతుల కొఱకైన మట్టిపాత్రలు

మన పల్నాటిసీమలో అచ్చటచ్చట పెద్దరాళ్లు గుండ్రముగా నమర్చియుండుట మీలో కొందఱు చూచియే యుందురు. పెద్దలు వానిని రాకాసిగుళ్లనియెదరు. అవి రాకాసులు కట్టినవి గావు. రమారమి రెండువేల యేండ్లకు పైబడిన కాలమున, ఇనుము వాడనేర్చిన జనులు తమవారిని పాతిపెట్టిన సమాధులు.

నాగార్జునసాగరపు నీట మునుగకమున్ను, 1954 మొదలు 1960 వఱకు పురావస్తుశాఖవారు నాగార్జునకొండ లోయను త్రవ్విరి. బౌద్ధారామములేగాక యిట్టి సమాధులును బయల్పడెను. వానిలో ఎముకలయొద్ద ఇనుప పనిముట్లును, మట్టిపాత్రలును గలవు. ఆ పాత్రలు లోపలను అంచునను నలుపు, వెలుపల క్రిందిభాగమున ఎఱుపు. రెండురంగులు పూసిరని తలంపకుడు. ఆవములో కుండను బోర్లించి కాల్చినచో, బూడిదలో కప్పబడిన మూతికిని లోపలికిని గాలి తగులక నల్లబాఱును. గాలి సోకిన వెలుపలిభాగము ఎఱ్ఱనగును. ఒక్కమన్నే, ఒక్కమంటయే!

ఈ పాఠము చెప్పుచుండ ఒక బాలుడు, "చచ్చినవానికి కుండ యెందుకండీ?" యని యడిగెను. తరగతి నవ్వెను గాని మేము నవ్వలేదు. చీనాదేశమువారును ఈ ప్రశ్నకు మట్టితోనే బదులు చెప్పిరి. అచట షాంగు రాజుల కాలమున ప్రభువుతోకూడ మనుష్యులను చంపి పాతిపెట్టుచుండిరి. తరువాతి కాలమున మట్టిబొమ్మలు చాలవఱకు వారి స్థానమును పొందెను. హాన్ వంశపు కాలమున (క్రీ.పూ. 206 – క్రీ.శ. 220) మట్టియిండ్లు, గాదెలు, నూతులు, పందులదొడ్లు సైతము సమాధులలో నుంచిరి. టాంగు వంశపువారి (618–907) గుఱ్ఱములు, ఒంటెలు పచ్చని, పసుపుని, తెల్లని మెఱుగుపూతతో నేటికిని ముచ్చటగొల్పును. వీనిని మింగ్‌చీ యందురు. ఏ యింటను వాడుటకు గాక, సమాధికొఱకే చేసినవి.

మనవారి పాత్రలకు మెఱుగుపూత లేదు. పెక్కు మామూలు వంటింటి పాత్రలవలెనే యుండును. అయినను మృతులకొఱకే చేసిన మట్టిపెట్టెలును గలవు. కడపజిల్లా శంఖవరమున దొరకిన పొట్టేలు రూపుగల పెట్టె చెన్నపురి ఎగ్మూరు మ్యూజియములో నున్నది. అది చూచినపిమ్మట మాకు చీనావారి ఒంటెలు అంత వింతగా తోపలేదు.

కొన్నిదినములకు ఆ బాలుడే రెండురంగుల పెంకు నొకదానిని మాకు తెచ్చియిచ్చెను. మిరపచేను చదునుచేయుచుండగా దొరకెనట. మిగిలిన కుండలేవనగా, బంగారమున్నదేమో యని పెద్దలు గునపముతో పగులగొట్టిరనెను. లోపల మన్నుదప్ప నేమియు లేదట. ఏ కుండ యే యెముకల ప్రక్కనుండెనో యడిగితిమి. వాడు తలవంచుకొని, "ట్రాక్టరు దున్నివేసినదండీ" యనెను.