టైరు మీది అంకెలు, ఇంటి లెక్క

మనలి రోడ్ల మీద రిఫైనరీ ట్యాంకర్లు, కంటైనర్ లారీలతో పాటే మన చిన్న కార్లూ నడవాలి. అందుకే తల్లిదండ్రులు "చవకలో మంచి టైరు ఏది?" అని నన్ను అడుగుతుంటారు. కొనేటప్పుడు పిల్లల్నీ వెంట తీసుకెళ్లమంటాను. అక్కడ మంచి లెక్కల పాఠం ఉంది.

టైరు పక్కన 165/80 ఆర్14 85టి అని ఉందనుకోండి. వెడల్పు 165 మిల్లీమీటర్లు. అందులో 80 శాతం, అంటే 132 మి.మీ., పక్క ఎత్తు. ఆర్ అంటే రేడియల్, 14 రిమ్ము అంగుళాలు. 85 అంటే 515 కిలోల బరువు, టి అంటే గంటకు 190 కి.మీ. వేగం దాకా తట్టుకుంటుంది. ధర తగ్గుతుందని ఈ రెండింటినీ తగ్గించుకోకండి.

భారీ డిస్కౌంటు అన్నారంటే నేను ముందు తయారీ అంకెలు చూస్తాను. 2324 అంటే 2024లో 23వ వారం. ఐ.ఎస్.ఐ. గుర్తూ ఉండాలి. పక్కనే తిరువొత్తియూరులో 1946లో ఆటబుడగలతో మొదలైనదే ఎం.ఆర్.ఎఫ్.; అయినా ఇరుగుపొరుగని కళ్లు మూసుకుని కొనమనను.

ఉదాహరణకు, రూ.3,000 టైరు 20,000 కి.మీ. నడిస్తే కిలోమీటరుకు 15 పైసలు. రూ.4,000 టైరు 40,000 నడిస్తే 10 పైసలే. కానీ ఫీజులు కట్టే జూన్‌లో నాలుగు టైర్లకు అదనంగా 4,000 తేవడం కష్టమే. అప్పుడు మంచివి రెండే కొని వెనక వేయించండి. వానలో వెనక చక్రాలు జారితే కారు అదుపులోకి రాదు. పాతవాటిలో గాడి లోతు 1.6 మి.మీ.కు వచ్చినవి ఇక నడపకూడదు.